సూదికి శాలువా కప్పుదాం రండి

మా బాబాయి ఫ్యామిలీ గ్రూపులో మళ్ళీ ఆ వీడియో పెట్టాడు. మీ బాబాయి కూడా పెట్టే ఉంటాడు కాబట్టి వర్ణించాల్సిన పని లేదు, అయినా వర్ణిస్తాను, ఎందుకంటే నాకు రాత్రి నిద్ర పట్టలేదు. చైనాలో ఎక్కడో ఆపరేషన్ థియేటర్. ఒకమ్మాయి ఛాతీ తెరిచి ఉంది, కళ్ళూ తెరిచే ఉన్నాయి. ఒంటికి గుచ్చిన సన్నటి ఆక్యుపంక్చర్ సూదులు (ఒంట్లో ఫలానా చోట్ల సూది గుచ్చి నయం చేస్తామనే చైనా వైద్యం), సూదులకి వైర్లు, వైర్లన్నీ మన రేడియో సైజు డబ్బాలోకి. వెనకాల వేణువు. కింద బాబాయి వ్యాఖ్య: "మత్తుమందు లేకుండా గుండె ఆపరేషన్! ఇది మన డాక్టర్లు మీకు చెప్పరు." దాని కింద పదిహేడు దండాలు. అందులో ఒకటి మా ఆవిడది.

చెప్పరు, నిజమే. ఇలాంటి వీడియోలకి మూలపుటమ్మ లాంటిది ఒకటుంది, 2006లో బీబీసీ వాళ్ళు చూపించిన షాంఘై ఆపరేషన్. ఇరవై ఒక్కేళ్ళ అమ్మాయి, గుండె, సూదులు, అంతా సేమ్ టు సేమ్. తర్వాత సైమన్ సింగ్ అనే సైన్స్ రచయిత కాస్త తవ్వి చూస్తే, ఆ అమ్మాయికి సూదులతోపాటు మిడాజొలామ్, డ్రోపెరిడాల్, ఫెంటనిల్ అనే మూడు మత్తు, నొప్పి మందులు ఎక్కించారని, అవి చాలవన్నట్టు ఛాతీలో మొద్దుబారే ఇంజెక్షన్లు కూడా పొడిచారని తేలింది. ఫెంటనిల్ అంటే మార్ఫిన్‌కి 50 నుంచి 100 రెట్లు బలమైన మందు. అది ఒంట్లో పారుతుంటే సూదులు కాదు, బాబాయి వాయిస్ మెసేజీలు వినిపించినా నొప్పి తెలియదు.

నాకు దీంట్లో మా ఊరి పెళ్ళి కనిపిస్తుంది. తెల్లవారుజామున మూడింటికి లేచి గాడిపొయ్యి వెలిగించిన వంటవాళ్ళు, చెమటలు కారుతుంటే, గంగాళం నిండా సాంబారు కాచి దించుతారు. సరిగ్గా పంక్తి లేచే ముందు పెళ్ళికొడుకు మేనమామ పట్టుపంచె ఎగ్గట్టుకుని వచ్చి, గుప్పెడు కొత్తిమీర పైన చల్లి, ఫొటోగ్రాఫర్ వైపు తిరిగి నుంచుంటాడు. ఇక ఆ పూటంతా విస్తరి విస్తరి దగ్గరా ఆగి "సాంబారు ఎలా ఉంది?" అని అడుగుతాడు. వియ్యపురాలు "అన్నయ్యగారి చేతి మహిమండీ" అంటుంది. ఆరు నెలలకి ఆ కథ పక్క ఊరు చేరేసరికి "ఉత్త కొత్తిమీరతో నాలుగొందల మందికి సాంబారు పెట్టాడంట" అవుతుంది. ఏడాదికి మేనమామ సాంబారు మీద మూడు రోజుల వర్క్‌షాపు పెడతాడు, ఫీజు విడిగా. పప్పు ఉడికించినాయన గంగాళం తోముకుంటూ ఇదంతా వింటూ ఉంటాడు. ఇక మిగిలిందల్లా పరిశోధన: కొత్తిమీర చల్లిన గంగాళాల్లో కందిపప్పు ఎంత శాతం తక్కువ పట్టింది?

నవ్వకండి, ఆ పరిశోధన జరిగింది. కొత్తిమీర మీద కాదు గానీ, సూదుల మీద. 2002లో ఆరోగ్యంగా ఉన్న కొందరు వాలంటీర్లకి డెస్‌ఫ్లూరేన్ అనే మత్తు వాయువు ఇచ్చి, చెవి మీద ఒక ఆక్యుపంక్చర్ స్థానంలో కరెంటు పెట్టి చూశారు. పైన నొప్పి పెడితే కదలకుండా పడి ఉండటానికి కావలసిన మత్తు సుమారు 11 శాతం తగ్గింది. అదే ఏడాది కాలి మీద జుసాన్లి, యాంగ్లింగ్‌చ్వాన్, కున్‌లున్ అనే మూడు పేరుమోసిన స్థానాల్లో సూదులు గుచ్చి కరెంటు పెట్టి చూశారు. ఏమీ తగ్గలేదు. చెవికి వినబడింది, కాలికి వినబడలేదు.

ఆ 11 శాతాన్ని నేను ఎగతాళి చేయను. మత్తులో ఉన్న మనిషికి నమ్మకం ఉండదు కదా, "సూది గుచ్చారు కాబట్టి తగ్గింది" అనుకునే స్పృహే లేదు, అందుకే అలాంటి ప్రయోగం మీద నాకు గౌరవం. సెకనుకి 2 సార్లు తట్టే కరెంటుకి ఒంట్లో ఎండార్ఫిన్ల లాంటివి, 100 సార్లు తట్టే కరెంటుకి డైనార్ఫిన్లు, అంటే ఒళ్ళే తయారుచేసుకునే నొప్పి మందులు, ఊరతాయని బీజింగ్‌లో హాన్ జిషెంగ్ అనే శాస్త్రవేత్త ఏళ్ళ తరబడి పనిచేసి చూపించాడు. సరే. ఉన్నదే. కానీ నొప్పి కాస్త తగ్గడం ఒకటి, కత్తి పెట్టినా తెలియనంతగా స్పృహ పోవడం ఇంకొకటి. మిగతా 89 శాతం ఎవరు చేశారో ఆ వాయువు పేరు మన గ్రూపులో ఒక్కరికైనా తెలుసా? బండి ట్యాంకు మీద "11 శాతం పెట్రోల్ ఆదా" స్టిక్కర్ వేసుకుని, ఇక పెట్రోల్ బంకు ముఖం చూడక్కర్లేదని తిరిగేవాణ్ణి ఏమంటారో అదే అనాలి.

ఇంకో ముచ్చట, నుదుటి మీద అంటించే స్టిక్కరు. బిస్ మానిటర్ అంటారు, మెదడు ఎంత మత్తులో ఉందో నంబరుగా చూపించే యంత్రం. పూర్తి మెలకువ అయితే 100 దగ్గర, ఆపరేషన్ మత్తుకి 40 నుంచి 60. సూదుల కరెంటు పెట్టగానే నంబరు నాలుగు మెట్లు దిగితే "చూశారా, మత్తు పెరిగింది" అంటారు. ఆ యంత్రం సంగతి 2003లోనే బయటపడింది: పూర్తి మెలకువగా ఉన్న మనుషులకి కండరాలు సడలించే మందు మాత్రం ఇస్తే, మెదడు నిక్షేపంగా ఆలోచిస్తుండగానే నంబరు కిందికి జారిపోయింది. అలాంటి నంబరు నాలుగు దిగితే పండగ చేసుకుంటున్నాం. పైగా 1998లో కొందరు కూర్చుని ప్రపంచంలోని ఆక్యుపంక్చర్ ప్రయోగాలు లెక్కేస్తే, చైనాలో చేసినవాటిలో ఫెయిలైంది ఒక్కటీ కనబడలేదు. మా ఊరి ట్యూషన్ మాస్టారు కూడా నూటికి నూరు పాస్ అని బోర్డు పెట్టేవారు, ఆయన పద్ధతి మాకందరికీ తెలుసు.

అసలు ఈ గొడవకి అంటు కట్టింది ఒక అమెరికా విలేకరి కడుపు. 1971లో న్యూయార్క్ టైమ్స్ జేమ్స్ రెస్టన్‌కి పెకింగ్‌లో, అంటే ఇప్పటి బీజింగ్‌లో, అపెండిక్స్ తీశారు. మామూలు మొద్దుబారే ఇంజెక్షన్లు ఇచ్చే తీశారు, ఆయనే రాశాడు. సూదులు పెట్టింది తర్వాత, కడుపుబ్బరానికి. గ్యాసుకి పెట్టిన సూది ప్రపంచం చుట్టి వచ్చేసరికి మత్తుమందైంది.

ఇక్కడి నుంచి నాకు నవ్వు రావడం లేదు. ఆ రోజుల్లో చైనాలో సూదుల మత్తు అంటే మావో గొప్పతనానికి సాక్ష్యం. విదేశీయుల్ని అద్దం వెనక నుంచోబెట్టి చూపించేవాళ్ళు. బల్ల మీద ఉన్నవాడు "నొప్పి" అంటే అది నొప్పి కింద లెక్క కాదు, పార్టీ మీద అపనమ్మకం కింద లెక్క. మావో నడిపిన ఆ సాంస్కృతిక విప్లవం ముగిశాక, 1980లో, చైనా డాక్టర్లే షాంఘై పత్రికలో రాశారు, చాలామంది పళ్ళు బిగించి భరించారని. కడుపు కోస్తుంటే పళ్ళు బిగించిన మనుషులు! వాళ్ళ మౌనాన్ని మనం ఇవాళ వేణువు పెట్టి, దండం బొమ్మలు పెట్టి ఫార్వర్డ్ చేస్తున్నాం. సిగ్గుండాలి.

మా పెద్దమ్మ ఆ వీడియో చూసే గాల్‌బ్లాడర్ ఆపరేషన్ ఎనిమిది నెలలు వాయిదా వేసింది. మత్తు ఇస్తే మతిమరుపు వస్తుందట, సూదులతో చేసేవాళ్ళు దొరికేదాకా ఆగుదామని బాబాయి. చివరికి జ్వరం, చీము, అర్ధరాత్రి అంబులెన్సు.

మత్తు డాక్టరు ఒక బక్కపల్చని అమ్మాయి. "కదిలే పళ్ళున్నాయా అమ్మా? ఎప్పుడు తిన్నారు?" అని అడిగింది, కట్టుడు పన్ను తీయించి గిన్నెలో పెట్టించింది, రెండు గంటలు పెద్దమ్మ తల దగ్గరే ఉందట. బయట సర్జన్‌గారికి స్వీట్ ప్యాకెట్ ఇచ్చాం. ఆ అమ్మాయి పేరు ఎవరం అడగలేదు. నేనూ అడగలేదు. 1889 ప్రాంతంలో మన హైదరాబాద్‌లో క్లోరోఫామ్ ఇచ్చిన రూపాబాయి ఫర్దూన్జీ ప్రపంచంలోనే తొలి మహిళా మత్తు డాక్టర్లలో ఒకరు, ఆవిడ పేరు మాత్రం మనకి తెలుసా ఏంటి.

పెద్దమ్మకి వాంతులు కాలేదు. వెంటనే బాబాయి గ్రూపులో ఫొటో: ఆపరేషన్ ముందు ఆవిడ మణికట్టుకి తను కట్టిన ఆక్యుప్రెషర్ బ్యాండు, కింద "సూదుల శాస్త్రానికి జయం". నాకు వచ్చిన చిక్కేమిటంటే, మణికట్టు లోపలి వైపు, ఆక్యుపంక్చర్ వాళ్ళు పి6 అనే చోట నొక్కితే ఆపరేషన్ తర్వాత వికారం తగ్గుతుందనడానికి కాస్త మంచి ఆధారాలే ఉన్నాయి, కాదనలేను. అరగంట ఫోన్ పట్టుకుని కూర్చున్నాను. తర్వాత ఫొటో పెద్దది చేసి చూశాను.

బ్యాండు బొత్తాం మణికట్టు బయటి వైపు ఉంది, వాచీ డయల్ ఉండే చోట.

స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకున్నాను. ఇంకా గ్రూపులో వేయలేదు, పండక్కి బాబాయి ఇంటికే వెళ్ళాలి.