పాత క్యారెక్టర్‌ని వదలొద్దు
ఆన్‌లైన్ గేముల్లో సబ్‌స్క్రిప్షన్ ఆగిపోయి ఏళ్ల తర్వాత తిరిగొచ్చేవాళ్లు పాత క్యారెక్టర్‌ని పక్కనపెట్టి కొత్తది చేసుకోవాలని ఒక ఆర్టికల్‌లో రాశారు, నేనైతే అస్సలు ఒప్పుకోను. లాగిన్ అవ్వగానే అంతా గందరగోళంగా ఉంటుంది నిజమే, వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్‌లో 2020లో లెవెల్స్ కుదించినప్పుడు 120లో ఉన్న క్యారెక్టర్ 50కి వచ్చేసింది, అప్పుడు ఆడకుండా ఉన్నవాళ్లు తర్వాత వచ్చి చూస్తే కష్టమంతా ఎటు పోయిందా అనిపిస్తుంది. కానీ పోలేదు కదా, సంపాదించిన మౌంట్లు (స్వారీ చేసే జంతువులు), అచీవ్‌మెంట్లు అన్నీ అలాగే ఉన్నాయి. నేను తిరిగొచ్చాక ముందు బ్యాగులు సర్దుకుని, సగంలో ఆగిన క్వెస్టులు, అంటే గేమ్ ఇచ్చిన పనులన్నీ తీసేసి, స్పెల్స్ బటన్లుండే యాక్షన్ బార్ మొత్తం ఖాళీ చేసి ఒక్కో స్పెల్ చదువుకుంటూ మళ్లీ పెట్టుకున్నా, కొన్నాళ్లకే చేతులకి పాత అలవాటు వచ్చేసింది. ఇంకో సంగతి, డబ్బు కట్టేముందు ఫ్రీగా ఎంతవరకు ఆడనిస్తారో చూసుకోండి. ఈవ్ ఆన్‌లైన్‌లో 2016 నవంబర్ నుంచి సబ్‌స్క్రిప్షన్ లేకపోయినా ఆల్ఫాగా, అంటే ఫ్రీ అకౌంట్‌తో, లోపలికి వెళ్లొచ్చు, నేర్చుకున్న స్కిల్స్ పోవు, వాటిలో కొన్ని వాడుకోలేరు అంతే. ఫైనల్ ఫాంటసీ 14లో మాత్రం గేమ్ కొనేసిన అకౌంట్‌కి మళ్లీ ఫ్రీ ట్రయల్ ఇవ్వరు. అన్నిటికన్నా ముఖ్యం గిల్డ్, అంటే కలిసి ఆడే మన గుంపు, అందులో పాతవాళ్లు ఒక్కరు ఆన్‌లైన్‌లో కనిపించినా పలకరించండి, నాకు మారినవన్నీ ఓపిగ్గా చెప్పింది వాళ్లే, కొత్త పేరుతో వెళ్తే మనల్ని ఎవరు గుర్తుపడతారు?