ఆ పిల్లకి మైకు ఇవ్వాల్సింది

మన సంఘం ఉగాది వేడుకలో పంచాంగ శ్రవణం అయ్యాక, పులిహోర ప్లేట్లు ఇంకా చేతుల్లో ఉండగానే, మన అతిథి వక్త తెర మీద ఎనిమిది కిరణాల చుక్క చూపించారు. "ఇది మన ముగ్గే. సుమేరియన్లు తెలుగువాళ్ళే" అన్నారు. సుమేరియన్లంటే వేల ఏళ్ళ కిందట ఇప్పటి ఇరాక్ దక్షిణాన ఉన్నవాళ్ళు. హాలంతా చప్పట్లు. మా అమ్మాయి చెయ్యెత్తి, "అది దేవుడు అని రాసే గుర్తు కదండీ?" అంది. "పెద్దవాళ్ళు మాట్లాడుతుంటే మధ్యలో ఏంటమ్మా" అని వెనక వరసలోంచి ఎవరో కూర్చోబెట్టేశారు. ఇంటికొచ్చేదాకా కారులో తను నోరు విప్పలేదు.

అంతకుముందు డిసెంబరు సెలవుల్లో లండన్ బ్రిటిష్ మ్యూజియం 56వ గదిలో మేమిద్దరం రెండు గంటలు గడిపాం. అరచేతిలో పట్టే సుమేరియన్ల మట్టి పలకలు, 5,000 ఏళ్ళ నాటివి. మొదట్లో వాటి మీద రాసింది మంత్రాలు కాదు, పద్దులు. ఎవరికి ఎంత బార్లీ, ఎంత బీరు. తడి మట్టి మీద రెల్లు పుల్లతో నొక్కేవారు. చుక్క గుర్తుని 'అన్' అని చదివితే ఆకాశం, 'దింగిర్' అని చదివితే దేవుడు. మనం శ్రీ పెట్టినట్టు దేవతల పేర్ల ముందు దాన్ని పెట్టేవారు, కాకపోతే పైకి పలికేవారు కాదు. ఒక్కో దేవతకి ఒక్కో గుర్తు: ప్రేమ దేవత ఇనన్నాకి రెల్లు కట్ట, చంద్రుడు నన్నాకి నెలవంక. మా అమ్మాయికి బాగా నచ్చింది నిసాబా. ధాన్యానికీ ఆవిడే దేవత, రాతకీ ఆవిడే. "బాసరలో నాతో బియ్యంలో దిద్దించావు కదా నాన్నా" అంది. నాకు మాట రాలేదు.

ఆ వక్త మీద నాకు కోపం లేదు. ఊరు వదిలి వచ్చినవాళ్ళకి తాతముత్తాతలు ఎంత పాతవాళ్ళైతే అంత ధైర్యం. అలాంటి మాటలకు నేనూ చప్పట్లు కొట్టినవాడినే. కానీ సుమేరియన్ భాషకి ఏ భాషతోనూ చుట్టరికం ఇంతవరకూ తేలలేదు. ఉన్న సంబంధం వర్తకానిది. సింధు లోయ ముద్రలు సుమేరియన్ల 'ఊర్' నగరంలో దొరికాయి. పారిస్ లూవ్ర్ మ్యూజియంలోని ఒక ముద్ర మీద షు-ఇలిషు అనే ఆయన్ని 'మెలుహ్హా భాష దుబాసీ' అని రాశారు. మెలుహ్హా అంటే సింధు ప్రాంతమని ఎక్కువమంది పండితుల మాట. ఇంట్లో ఒక భాష, బడిలో ఒక భాషతో పెరిగే మన పిల్లలకి ఈ దుబాసీ గురించి చెప్పాలి. తెలుగు వయసు చెప్పాలంటే కడప జిల్లా కలమళ్ళలో క్రీ.శ. 575 ప్రాంతపు తెలుగు శాసనం ఉంది, అది మనదే.

కమిటీ పెద్దలకి నా మనవి. దసరాకి సామూహిక అక్షరాభ్యాసం ఉంది కదా, ఆ రోజు ఆ పిల్లకి పది నిమిషాలు ఇవ్వండి. మట్టి, రెల్లు పుల్లలు మేమే తెస్తాం. బియ్యం పళ్ళాల పక్కన ఒక బల్ల వేయించండి చాలు.