ఒకేసారి కట్టలేనివారికే ఎక్కువ ఛార్జీ

నెల మొదట్లో చేతిలో డబ్బున్న ఉద్యోగి పాస్ కొనేస్తాడు. ఇక నెలంతా ఎన్నిసార్లు బస్సెక్కినా అతనికి లెక్క లేదు. అదే బస్సులో, ఏ రోజు సంపాదనతో ఆ రోజు గడుపుకునే మహిళ అంత మొత్తం ఒకేసారి తీయలేక రోజూ విడిగా టికెట్ కొంటుంది. నెలాఖరుకు చూస్తే ఆమె కట్టిందే ఎక్కువ. పేదరికానికి మనమే వేస్తున్న అదనపు పన్ను ఇది. నాకు ఏమాత్రం మింగుడుపడని అన్యాయం.

దీన్ని సరిదిద్దడం కష్టమేమీ కాదు. లండన్‌లో బస్సు, రైలు ఛార్జీలు కట్టే ఆయిస్టర్ కార్డు నుంచి ఒక రోజులో తీసుకునే మొత్తానికి గరిష్ఠ పరిమితి 2005లోనే వచ్చింది. న్యూయార్క్‌లో 2022లో మొదలైన ఏర్పాటు ప్రకారం, ఒకే కార్డుతో వారంలో 12 సార్లు ఛార్జీ కట్టాక మిగతా ప్రయాణాలకు డబ్బు తీసుకోరు. ముందుగా ఏదీ కొనక్కర్లేదు. విడివిడిగా కట్టిన ఛార్జీలే పోగై పాస్‌గా మారతాయి.

అయితే ఆ పరిమితి వరకు కట్టడమే భారమైనవారి సంగతి? వారికి ఆదాయాన్ని బట్టి రాయితీ ఇవ్వాలి. అమెరికాలో సియాటిల్ ఉన్న కింగ్ కౌంటీలో ఓర్కా లిఫ్ట్ అనే ఛార్జీ రాయితీ పథకం 2015 మార్చిలో మొదలైంది. ఫెడరల్ (కేంద్ర) ప్రభుత్వం నిర్ణయించే పేదరిక రేఖకు రెట్టింపు వరకు ఆదాయం ఉన్న కుటుంబాలు దానికి అర్హులు. న్యూయార్క్ 2019లో ఫెయిర్ ఫేర్స్ పేరుతో సగం ఛార్జీ పథకం తెచ్చింది కానీ, మొదట గీతను పేదరిక రేఖ దగ్గరే గీసింది. ఆ నగరంలో కనీస వేతనానికి పూర్తికాలం పనిచేసే ఒంటరి మనిషి సంపాదన కూడా ఆ గీతను దాటిపోతుంది! తర్వాత పరిమితి పెంచుతూ వచ్చారు. మొదటే ఆలోచించి ఉండాల్సింది.

అర్హత ఉన్నా రాయితీ అందకపోవడానికి అసలు కారణం దరఖాస్తు. జీతం రసీదులు వెతకాలి, ఫారం నింపాలి, గడువు తీరితే మళ్లీ మొదటినుంచి రావాలి. గంటల లెక్కన కూలి తీసుకునేవారికి ఆఫీసు చుట్టూ తిరిగిన పూట జీతం ఉండదు. కింగ్ కౌంటీ ఈ పనిని ప్రజారోగ్య విభాగానికీ, స్వచ్ఛంద సంస్థలకూ అప్పగించింది. ఆరోగ్య బీమాకు పేరు రాయించుకునే చోటే రాయితీ కార్డు కూడా దొరుకుతుంది. నన్నడిగితే ఇంకో అడుగు ముందుకు వేయాలి. తక్కువ ఆదాయం ఉన్నవారికి ప్రభుత్వమిచ్చే ఆరోగ్య బీమా మెడికెయిడ్ కోసం ఒకసారి ఆదాయం నిరూపించుకున్న మనిషిని బస్సు కోసం మళ్లీ నిరూపించుకోమనకూడదు. సమ్మతి తీసుకుని కార్డు ఇంటికే పంపాలి.

అందరికీ ఉచితం చేస్తే ఈ తతంగమే ఉండదు కదా అనేవారున్నారు. లక్సెంబర్గ్ 2020లో దేశమంతటా ఆ పని చేసింది. నాకూ ఆ ఆలోచన ఇష్టమే. కానీ నిధులు పరిమితంగా ఉన్నచోట, గంటకొక బస్సు వచ్చే దారిలో ఉచిత ప్రయాణం కన్నా పావుగంటకొక బస్సే పేదవారికి ఎక్కువ మేలు. కట్టగలిగేవారు కట్టనీ, ఆ డబ్బుతో రాత్రి షిఫ్టు ముగిసేవేళకూ బస్సులు నడపాలి.

మన సంఘం ఏటా ఉచిత వైద్య శిబిరాలు నిర్వహిస్తుంది, పన్నుల పత్రాలు నింపడంలో సాయం చేస్తుంది. ఈసారి అక్కడే ఒక బల్ల వేసి, ప్రయాణ రాయితీ దరఖాస్తులు నింపిపెట్టేందుకు ఇద్దరు స్వచ్ఛంద సేవకులను కూర్చోబెట్టాలని కార్యవర్గాన్ని కోరుతున్నాను. వారిలో ఒకరిగా నా పేరు రాసుకోండి.