బుషెహర్ బల్దియా: సుంకం రేవుది, ఖజానా టెహ్రాన్‌ది

హైదరాబాద్, వరంగల్ వార్తల్లో రోజూ కనిపించే 'బల్దియా' అనే మాట ఇరాన్‌లో కూడా 1930ల నడుమ దాకా పురపాలక సంస్థకు వాడుక పేరే. అక్కడ 'బలదియే' అనేవారు. ఆ తర్వాత అరబ్బీ మాటలు తీసేసి అచ్చ పారసీక పదాలు పెట్టాలన్న ఉద్యమంలో అది 'షహర్‌దారీ' అయింది. మచిలీపట్నాన్ని మనం పిలిచే 'బందరు' కూడా పారసీకమే, రేవు అని అర్థం. కాబట్టి బుషెహర్ బందరు బల్దియా గురించి చెప్పుకోవడానికి తెలుగు పాఠకుడికి కొత్త మాటలేమీ నేర్పనక్కర్లేదు.

ఇవాళ ఈ ఊరి పేరు అణు విద్యుత్ కేంద్రం వల్ల వినిపిస్తోంది. రెండు ప్రపంచ యుద్ధాల మధ్య ఇది ఇరాన్ దక్షిణ తీరంలో పెద్ద పేరున్న రేవు. ఆ ఇరవయ్యేళ్లలో ఇక్కడి ఆఫీసులు ఒక్కొక్కటిగా విదేశీయుల చేతుల్లోంచి ఇరాన్ ప్రభుత్వం చేతుల్లోకి వచ్చాయి. ఊరి చేతికి మాత్రం ఏదీ రాలేదు. ఇరాన్ ఆధునికీకరణ గురించి రాసేవాళ్లు మొదటి సంగతిని ఘనంగా చెప్పి, రెండోదాన్ని దాటేస్తుంటారు.

మొదటి యుద్ధం ముగిసేనాటికి ఎవరి చేతిలో ఏముందో చూడండి. భారత ప్రభుత్వం కింద పనిచేసే బ్రిటిష్ ప్రతినిధి, పొలిటికల్ రెసిడెంట్, మకాం ఇక్కడే; ఆ కార్యాలయమే రెసిడెన్సీ. ఉత్తరాలు 1864లో తెరిచిన ఇండియన్ పోస్టాఫీసులో, భారతీయ స్టాంపులతో వెళ్లేవి. కరాచీ నుంచి సముద్రం అడుగున వేసిన తంతి తీగ అదే ఏడాది ఊరి పక్కన రీషహర్ దగ్గర ఒడ్డుకు చేరింది. కస్టమ్స్ నడిచేది 1898లో రప్పించిన బెల్జియన్ అధికారుల పద్ధతిలో. నోట్లు అచ్చువేసే హక్కు లండన్ పెట్టుబడితో నడిచే ఇంపీరియల్ బ్యాంక్ ఆఫ్ పర్షియాది. ఆ నోటు మీద ఏ ఊళ్లో చెల్లుతుందో కూడా అచ్చయి ఉండేది. బుషెహర్ ముద్ర ఉన్న నోటును షీరాజ్ తీసుకెళితే ముఖవిలువ కంటే తక్కువే చేతికొచ్చేది. అంటే డబ్బుకు కూడా ఊరి పొలిమేర ఉంది.

వీటిలో ప్రజల ఆరోగ్యానికి దగ్గరగా వచ్చే సేవ క్వారంటీన్. దాన్ని నడిపింది రెసిడెన్సీ డాక్టరు. రేవులో లోతు లేదు. బొంబాయి నుంచి కరాచీ మీదుగా వచ్చే స్టీమర్ ఒడ్డుకు మైళ్ల దూరంలోనే లంగరు వేసి, పసుపు జెండా ఎగరేసేది. డాక్టరు పడవలో వెళ్లి ముందు బయల్దేరిన రేవు ఇచ్చిన ఆరోగ్య పత్రం చూస్తాడు. తర్వాత సిబ్బందినీ ప్రయాణికులనూ వరుసలో నిలబెట్టి, ప్లేగు గడ్డల కోసం చంకలు, గజ్జలు తడిమి చూస్తాడు. 1903 అంతర్జాతీయ ఒప్పందం ప్రకారం గత 7 రోజుల్లో ఓడ మీద ప్లేగో కలరానో కనిపిస్తే అది రోగం సోకిన ఓడ. దారిలో కేసు వచ్చినా 7 రోజులుగా కొత్తది లేకపోతే అనుమానిత ఓడ. రోగిని ఒడ్డున విడిగా ఉంచేవారు. తోటివాళ్ల మీద 5 రోజుల దాకా నిఘా ఉండేది. ప్లేగు ఓడైతే గంధకం పొగ పెట్టి ఎలుకలను చంపాలి. పద్ధతి బాగానే ఉంది. కానీ అది కాపలా కాసింది ఓడల రాకపోకలకు. గడప దాటి లోపలికి వెళ్లాక బెహ్‌బహానీ, కూతీ, షన్‌బదీ, దెహ్‌దష్తీ అనే నాలుగు పేటల్లో జనం ఏ నీళ్లు తాగుతున్నారో చూడటం ఆ డాక్టరు పని కాదు. మరెవరి పనీ కాదు.

ఊరి అసలు గొడవ నీళ్లే. బుషెహర్ ఒక ద్వీపకల్పం కొసన ఉంది. అవతలి నేలకూ దానికీ మధ్య మషీలే అనే ఉప్పు బురద మైదానం. ఊళ్లో నుయ్యి తవ్వితే ఉప్పునీళ్లు పడతాయి. ఊరి బయటి బావుల నుంచి తోలు తిత్తుల్లో గాడిదల మీద తెచ్చి అమ్మే నీళ్లు కొనుక్కోవాలి, లేదా డాబా మీద పడ్డ వాన నీటిని ఆబ్-అంబార్ అనే నేలమాళిగ తొట్టిలో దాచుకోవాలి. ఏటా పడే వాన సుమారు 250 మి.మీ., అదీ దాదాపు అంతా నవంబరు, మార్చి మధ్యలోనే. చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు పడితే ఒక లీటరు. కాబట్టి 100 చదరపు మీటర్ల డాబాకు 25,000 లీటర్లు. మట్టి పీల్చుకున్నది, ఆవిరైనది, మురికి పోవడానికి బయటికి వదిలేసే తొలి వాన తీసేస్తే 20,000 మిగిలాయనుకుందాం. తాగడానికీ వంటకూ మనిషికి రోజుకు 10 లీటర్ల చొప్పున ఎనిమిది మంది ఉన్న ఇంటికి 250 రోజులు వస్తాయి, అంటే మళ్లీ వాన పడేదాకా. అదే వాన సగమే పడితే ఆగస్టు మొదట్లోనే, ఎండ మండిపోయే రోజుల్లో, తొట్టి అడుగు కనిపిస్తుంది. ఇక నీళ్లమ్మేవాడు చెప్పిందే ధర. సొంత డాబా లేనివాడికి ఏడాది పొడుగునా అదే ధర.

నీళ్లున్నా సమస్యే. తొట్టి లోపలి పూతకు సున్నం, బూడిద, మట్టి కలిపి చేసే సారూజ్ వాడతారు. అది పగిలితే మంచినీళ్లు బయటికి పోతాయి, తొట్టి సగమయ్యాక పక్క నేలలోని ఉప్పునీరు లోపలికి ఊరుతుంది. ఏటా వానలకు ముందు అడుగున పేరుకున్న బురద తియ్యకపోతే తర్వాతి ఏడాది నీళ్లు కంపు కొడతాయి. వీటన్నిటికంటే పెద్ద బెడద మెట్లు. గల్ఫ్ తీరంలో, ముఖ్యంగా బందర్ అబ్బాస్, లార్ వైపు, మెట్లు దిగి నీళ్లు ముంచుకునే ఉమ్మడి తొట్లు నారికురుపుకు ఆటపట్టు. పురుగు కాలి పొక్కులోంచి బయటికొచ్చే సమయానికి రోగి నీళ్లలో కాలు పెడితే వేల పిల్ల పురుగులు అందులోకి వెళతాయి. కంటికి కనపడీ కనపడని నీటి ఈగలు వాటిని మింగుతాయి. ఆ నీళ్లు తాగినవాడి కాల్లో ఏడాదికి మళ్లీ పొక్కు లేస్తుంది. మన దిగుడుబావుల పల్లెలకు ఇది కొత్త కథ కాదు.

దీన్ని ఆపడానికి గొట్టాలు, పంపులు అక్కర్లేదు. మెట్లు మూసి, పైకప్పులో కన్నం పెట్టి, గిలక బిగించి చేదతో తోడుకుంటే చాలు. నీళ్లను దట్టమైన గుడ్డలో వడకట్టాలి. కలరా భయం ఉన్నప్పుడు 20,000 లీటర్ల తొట్టికి లీటరుకు ఒక మిల్లీగ్రాము క్లోరిన్ అంటే 20 గ్రాములు, నాలుగో వంతు బలమున్న బ్లీచింగ్ పౌడర్ అయితే 80 గ్రాములు. ఇదంతా 1920ల నాటికే తెలిసిన విద్య. అయితే ఆ మోతాదుకు నీటి ఈగ చావదు కాబట్టి గుడ్డ తప్పదు. పైగా గల్ఫ్ వేడికీ తేమకూ పౌడర్ డబ్బాలోనే బలం పోగొట్టుకుంటుంది. అందుకే పేటకొక మేస్త్రీ, వానలకు ముందు తొట్లు చూసే తనిఖీ మనిషి, వాళ్లకు నెలనెలా జీతం ఉండాలి. చిన్న ఖర్చే, కానీ ఏటా పెట్టాలి.

ఆ ఖర్చుకు డబ్బేది? రేవు కస్టమ్స్ రాబడి ఊరిది కాదు. 1911లో ఇంపీరియల్ బ్యాంక్ నుంచి తెచ్చిన 12.5 లక్షల పౌండ్ల అప్పుకు దక్షిణ రేవుల సుంకాన్నే హామీ పెట్టారు. పట్టణాలకు సొంతంగా దక్కే ఆదాయం 'నవాఖెల్', అంటే ఊళ్లోకి వచ్చే బరువు పశువుల మీదా బండ్ల మీదా వేసే సుంకం. దాన్ని 1926లో రద్దు చేసి, బదులుగా దేశమంతటికీ రోడ్డు పన్ను పెట్టారు. నిజానికి నవాఖెల్ మంచి పన్నేమీ కాదు. అది పేదవాడు కొనే కట్టెల మోపు మీద కూడా పడుతుంది. తీసెయ్యడం సబబే. తీసేసిన చోట ఊరికి సొంతంగా ఏమీ మిగల్చకపోవడమే తప్పు.

అధికారం కూడా అదే దారి పట్టింది. 1907 బలదియే చట్టం ఎన్నికైన మండలితో మొదలైంది. వీధులు, దీపాలు, పారిశుద్ధ్యం, ఆహార సరఫరా దాని బాధ్యతలు. 1930 చట్టం వచ్చాక పురపాలక అధిపతిని నియమించేది అంతర్గత వ్యవహారాల శాఖ. 1933లో వీధుల వెడల్పు చట్టం వచ్చింది. టెహ్రాన్‌కు తిన్నని వెడల్పు వీధి అందమేమో. బుషెహర్ సందులు సముద్రపు గాలిని లోపలికి లాగడానికీ, ఎత్తైన గోడల నీడ నేల మీద పడటానికీ ఇరుగ్గా కట్టినవి. మేడల మీద షనాషీర్ అనే చెక్క వసారాలు కూడా ఆ గాలి కోసమే. ఒకే కొలబద్ద రెండు ఊళ్లకూ ఎలా సరిపోతుంది?

టెహ్రాన్ వైపు న్యాయం లేదనలేం. ఇండియన్ పోస్టాఫీసులు 1923లో మూతపడ్డాయి. 1928లో క్వారంటీన్ ఇరాన్ చేతికొచ్చింది, విదేశీయుల ప్రత్యేక న్యాయ హక్కులూ అదే ఏడాది రద్దయ్యాయి. 1931 నాటికి భూమి మీది తంతి తీగలూ వచ్చాయి. సొంత రేవులో పరాయి డాక్టరు ముద్ర కొట్టడం ఏ దేశమైనా ఎన్నాళ్లు ఊరుకుంటుంది? షీరాజ్ దారిలో ఖాన్‌లు, అంటే స్థానిక నాయకులు, కంచరగాడిదకు ఇంతని గుంజే రాహ్‌దారీ కూడా కేంద్ర సైన్యం వచ్చాకే ఆగింది. ఇవన్నీ దేశానికి లాభాలు.

బల్దియా బలహీనంగా ఉన్నచోట ఏమవుతుందో ఇరాన్‌లోని చమురు పట్టణం ఆబాదాన్‌లో ఇంకో రకంగా చూడొచ్చు. 1912లో రిఫైనరీ వచ్చాక అక్కడ నీళ్లు, కరెంటు, ఆసుపత్రి నడిపింది ఆయిల్ కంపెనీ. గొట్టం ముందుగా వెళ్లింది యూరోపియన్ల బ్రెయిమ్ పేటకు. 1930ల్లో బావార్దా కాలనీ గీసిన ఆర్కిటెక్ట్ జేమ్స్ విల్సన్ అంతకుముందు కొత్త ఢిల్లీ కట్టడంలో లచెన్స్ దగ్గర పనిచేసినవాడు. పేటల మధ్య దూరం పాటించే పద్ధతి అక్కడినుంచే వచ్చిందనుకోవాలి. రంగూన్ అనగానే మనకు కోరంగి ఓడలెక్కిన కూలీలు గుర్తొస్తారు. ఆబాదాన్‌లో రిఫైనరీ పక్కనే 'రంగూనీల మసీదు' ఉంది, బర్మా, భారత్ నుంచి వచ్చిన కార్మికులది.

బుషెహర్‌కు కంపెనీ కూడా లేదు. ఉన్నది సరుకు, ముఖ్యంగా భారత్ నుంచి వచ్చే తేయాకు. 1925 చట్టం 'మన్' చక్కెర మీద 2 క్రాన్‌లు (అప్పటి ఇరాన్ నాణెం), 'మన్' తేయాకు మీద 6 క్రాన్‌లు వేసింది. మన్ అంటే మన మణుగుకు చుట్టమే గానీ సుమారు 3 కిలోలే. ఆ డబ్బుతో 1,394 కిలోమీటర్ల రైలు మార్గం కట్టి 1938 ఆగస్టులో పూర్తి చేశారు. గల్ఫ్ వైపు అది మొదలయ్యేది బుషెహర్‌లో కాదు, వాయవ్యాన కొత్తగా కట్టిన బందర్ షాపూర్‌లో. టెహ్రాన్ సరుకు అటు తిరిగింది. బుషెహర్‌లో టీ తాగినవాడు ప్రతి గుక్కకూ ఆ రైలుకు పన్ను కట్టాడు. ఆ టీకి నీళ్లు మాత్రం తొట్టిలోంచే తోడుకున్నాడు.