బొగ్గు నుంచి డీజిల్ వస్తుంది సరే, ఊరి బోర్ల సంగతి?

ఆ మెసేజ్ మళ్లీ మొదలైంది. చదువుకున్న మిత్రులే, అందులో ఇంజనీర్లు కూడా, "తప్పక షేర్ చేయండి" అని పంపుతున్నారు. అందులో ఉన్నది ఇదీ: బొగ్గును తవ్వే పనే లేకుండా భూమిలోనే గ్యాస్‌గా మార్చి, ఆ గ్యాస్‌ను డీజిల్ చేసే సరికొత్త టెక్నాలజీ వచ్చిందట. ఆస్ట్రేలియాలో ఆ డీజిల్ పోసి కారు నడిపారట. కాలుష్యం సున్నా అట. సింగరేణి బొగ్గు ఒక్కటి చాలు, దేశమంతటికీ లీటరు 30 రూపాయలకే ఇవ్వొచ్చట. చమురు లాబీ దీన్ని తొక్కిపెడుతోందట.

కొత్తదేం కాదు. బొగ్గు గ్యాస్ నుంచి ద్రవ ఇంధనం తీసే పద్ధతిని జర్మనీలో ఫిషర్, ట్రాప్ష్ 1920ల్లోనే కనిపెట్టారు. భూమిలోనే బొగ్గును మండించే ప్రయోగాలు సోవియట్ వాళ్లు 1930ల్లో మొదలుపెట్టారు.

లాబీ మాటా అంతే. గుజరాత్‌లోని వస్తాన్‌లో ఈ ప్రయోగానికి రష్యన్లను వెంటబెట్టుకుని ముందుకొచ్చింది ఓఎన్‌జీసీ, అంటే చమురు కంపెనీయే. జార్ఖండ్‌లోని కాస్తా బ్లాకులో కోల్ ఇండియా సంస్థ 2024లో పైలట్ పని మొదలుపెట్టింది. బొగ్గు గ్యాసిఫికేషన్‌కు, అంటే బొగ్గును గ్యాస్‌గా మార్చే పనికి, కేంద్రం అదే ఏడాది 8,500 కోట్లు ప్రకటించింది. తొక్కిపెట్టడమంటే ఇదేనా?

ఇక సింగరేణి లెక్క. బొగ్గు నుంచి ఇంధనం తీసే ఫ్యాక్టరీల్లో పేరున్నది దక్షిణాఫ్రికాలోని సెకుండా. అది ఏటా సుమారు 4 కోట్ల టన్నుల బొగ్గు మింగుతుంది. దాని సామర్థ్యం రోజుకు లక్షా అరవై వేల బ్యారెళ్లు, అందులో రసాయనాలూ కలిసే ఉంటాయి. మన దేశం రోజుకు 50 లక్షల బ్యారెళ్లకు పైగా వాడుతుంది. సింగరేణి ఏడాదికి తీసేది సుమారు 7 కోట్ల టన్నులే. అదంతా పోసినా దేశం అవసరంలో ఆరు శాతం దాటదు. అప్పుడు మన థర్మల్ కేంద్రాల్లో ఏం మండిస్తారు? 30 రూపాయల ధర ఎవరు కట్టారో గానీ, సెకుండా పుట్టింది చవకని కాదు. వర్ణవివక్ష ప్రభుత్వానికి చమురు అమ్మేవాళ్లు తగ్గిపోతే, ఖజానా అండతో కట్టుకున్నది. ఒకే ఆవరణ నుంచి ప్రపంచంలో అతి ఎక్కువ కార్బన్ డయాక్సైడ్ వదిలే ఫ్యాక్టరీగా దానికి పేరు. కాలుష్యం సున్నా!

మనకు అంత దూరం కూడా అక్కర్లేదు. రామగుండం ఎఫ్‌సీఐ (ఎరువుల కార్పొరేషన్) యూరియా ఫ్యాక్టరీని బొగ్గు గ్యాస్ మీదే కట్టారు. 1980లో మొదలై నష్టాల్లో కూరుకుపోయి 1999లో మూతపడింది. మళ్లీ 2021లో తెరిచినప్పుడు బొగ్గు కాదు, పైపులైనులో సహజవాయువు తెచ్చుకున్నారు. పక్కనే సింగరేణి ఉండగా!

నాకు అసలు కోపం తెప్పిస్తున్నది ఆ మెసేజ్‌లోని "భూమి పైన ఏ నష్టమూ ఉండదు" అన్న వాక్యం. ఆ కారు సంగతి నిజమే. నడిపిన కంపెనీ లింక్ ఎనర్జీ, డీజిల్ తీసిన చోటు ఆస్ట్రేలియాలో క్వీన్స్‌లాండ్ రాష్ట్రంలోని చించిల్లా. ఆ తర్వాత ఏమైందో మెసేజ్ రాసినవాడు చెప్పడు. నేను చెబుతాను.

ఒక బోరు గుండా గాలో ఆక్సిజనో పంపి బొగ్గు పొరకు నిప్పు పెడతారు, ఇంకో బోరు నుంచి గ్యాస్ తీస్తారు. లోపల తారు, బెంజీన్, ఫినాల్ పుడతాయి. మండే చోట ఒత్తిడి చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే తక్కువ ఉండాలి. అప్పుడే నీరు లోపలికి వస్తుంది, విషం బయటికి పోదు. చించిల్లాలో ఒత్తిడి పెంచారు. పైనున్న రాతిపొర చీలి గ్యాస్ మట్టిలోకి ఎక్కింది. 314 చదరపు కిలోమీటర్ల మేర రైతులు తమ సొంత పొలంలోనే రెండు మీటర్ల కంటే లోతు తవ్వకూడదని ప్రభుత్వం ఆంక్ష పెట్టాల్సి వచ్చింది. 2016లో క్వీన్స్‌లాండ్ ఈ పద్ధతినే నిషేధించింది. కంపెనీ అదే ఏడాది దివాలా తీసింది. 2018లో కోర్టు 45 లక్షల ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది. చేతులెత్తేసిన కంపెనీ నుంచి ఏం వసూలు చేస్తారు? శుభ్రం చేసే పని సర్కారు నెత్తిన పడింది.

గోదావరి లోయలో బొగ్గు పొరల పైన ఉన్నది ఎడారి కాదు. కామ్ఠీ ఇసుకరాయి, నీళ్లు నిండిన రాయి. ఊళ్ల బోర్లు దాని మీదే బతుకుతున్నాయి.

ఒకటి మాత్రం ఒప్పుకుంటాను. ఈ పద్ధతిలో వచ్చే డీజిల్‌లో గంధకం దాదాపు ఉండదు, ఆ మేరకు మంచి ఇంధనమే. చమురులో 85 శాతానికి పైగా దిగుమతి చేసుకునే దేశం పరిశోధన మానుకోవాలనీ అనను. హైదరాబాద్ బీహెచ్‌ఈఎల్‌లో బూడిద ఎక్కువుండే మన బొగ్గు నుంచే రోజుకు పావు టన్ను మిథనాల్ తీసే పైలట్ ప్లాంటు 2022లో మొదలైంది. అక్కడ పని భూమి పైన, కళ్లెదుట జరుగుతుంది. ఏదైనా తేడా వస్తే వాల్వు కట్టేయొచ్చు. దానికి ఇంకా డబ్బు పెట్టండి, నేనూ సంతోషిస్తాను.

కానీ రేపు భూపాలపల్లి వైపో మంథని వైపో భూమిలో నిప్పు పెడతామని ఎవరైనా వస్తే, ముందు ఈ రెండూ అడగండి: చుట్టుపక్కల బోర్ల నీళ్లలో బెంజీన్, ఫినాల్ ఎంతున్నాయో ఇప్పుడే పరీక్ష చేయించి ఆ రిపోర్టు పంచాయతీ చేతిలో పెడతారా? కంపెనీ మునిగితే శుభ్రం చేయడానికయ్యే డబ్బు మొదటి బోరు వేసే ముందే డిపాజిట్ చేస్తారా?