నాలుగు పైపులు పరిస్తే వంతెన అయిపోదు

వారం రోజులుగా మా కాలవగట్టు ఊళ్ల వాట్సాప్ గ్రూపులన్నింటిలో ఒకటే మెసేజ్. ఇంగ్లండులో మూతపడ్డ రాచ్‌డేల్ కాలువ కోసం బాగున్న రోడ్లు తవ్వి వంతెనలు కట్టారట, అదంతా పడవ షికారు కోసం చేసిన దుబారా అట. మన గోదావరి డెల్టాలో పాత వంతెన కూలితే నాలుగు సిమెంటు పైపులు పరిచి మట్టి పోస్తే చాలట. ఎత్తు వంతెన ఎక్కలేక ట్రాక్టర్లు బోల్తా పడతాయట. కాటన్ దొర కాలువలు తవ్వించింది నీళ్లకే గాని పడవలకు కాదట.

ఈ చివరి మాట ముందు చూద్దాం. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయ్యాక దాని కింద కాలువల మీద లాకులు కట్టారు. నీళ్లు పారడానికి లాకు అక్కర్లేదు. తలుపులు మూసి, మట్టం పెంచి తగ్గించి పడవను దాటించడానికే అది. రైళ్ల కన్నా జల రవాణా మేలని జీవితాంతం వాదించిన మనిషి కాటన్. 2008లో ప్రకటించిన నాలుగో జాతీయ జలమార్గంలో మన కాకినాడ, ఏలూరు కాలువలు ఉన్నాయి కూడా.

ఇక రాచ్‌డేల్. 1804లో పూర్తయిన ఆ కాలువ పొడవు 51 కిలోమీటర్లు. 1952లో చట్టం చేసి చాలా భాగం మూసేశారు. ఇక పడవలు రావు కదా అని పాత వంతెనలు తీసేసి, రోడ్డు చదును చేసి, కింద గొట్టాలు వదిలారు. ఎం62 అనే మోటార్‌వేనీ (పెద్ద వాహనాల రహదారి) కాలువకు అడ్డంగానే వేశారు. అంటే కాలువ దారిని తీసుకున్నది రోడ్డు. 2002లో కాలువను మళ్లీ తెరిచినప్పుడు ఆ దారి తిరిగి ఇచ్చారు, అంతే. మోటార్‌వేని తవ్వలేదు సరికదా, కాలువనే కాస్త పక్కకు మళ్లించి దాని కిందుగా తీసుకెళ్లారు. అక్కడ తిరిగేవి ఎక్కువగా విహార పడవలే, కాదనను. కానీ మన కాలువ మూతపడలేదు. దాని మీదే దాళ్వా, అంటే రెండో పంట వరి, పండుతోంది.

పైపుల మాటే నాకు ఎక్కువ బాధ. మా ఊళ్లో ఒక చోట అలాగే వేశారు. మొన్న దాళ్వాలో గుర్రపు డెక్క వచ్చి పైపుల మూతికి చాపలా అల్లుకుపోయింది. మనిషి నిలబడేంత గట్టిగా పేరుకుంది. పైపులకు ఎగువన నీళ్లు గట్టు తన్నుతున్నాయి, దిగువన మాత్రం జానెడు తక్కువ. నలుగురు నడుం లోతు నీళ్లలో దిగి, కొక్కేలతో పొద్దుటి నుంచి మధ్యాహ్నం దాకా లాగారు. మూడో రోజుకి మళ్లీ అంతే. డెల్టా నేల బల్లపరుపు, కాలువకు వాలు చాలా తక్కువ. పైపుల దగ్గర జానెడు మట్టం పోతే శివారు రైతు తన వంతు వచ్చిన రోజున ఇంజను పెట్టి తోడుకోవాలి. డీజిలు ఖర్చు అతనిది. పైపులు చవక అన్న లెక్కలో అది ఎక్కడుంది?

ట్రాక్టర్ల మాటలో నిజం ఉంది. వంతెన ఎక్కే దారి నిటారుగా ఉంటే బస్తాల లోడుతో ట్రాక్టరు వెనక్కి జారుతుంది, నేను చూశాను. అందుకు వాలును పొడవుగా సాగదీయాలి, దానికి రెండు పక్కలా స్థలం కావాలి. మా దగ్గర ఆ స్థలంలో ఒక టీ బడ్డీ, ఒక సైకిల్ షాపు ఉన్నాయి. వంతెన పని మొదలెట్టే ముందు వాళ్లిద్దరికీ వేరే చోటు చూపించమని అడగండి, నేనూ మీతో వస్తాను.