కొలత కర్ర గారికి ఒక లేఖ

గౌరవనీయులైన కొలత కర్ర గారికి,

నమస్కారాలు. ఆఫ్రికా పల్లెల్లో చూపు తీసే ఒక జబ్బుకు మీరు చేస్తున్న డాక్టరీ గురించి విన్నాను. స్టెతస్కోపు లేదు, డిగ్రీ లేదు, ఒంటి మీద నాలుగు గీతలు మాత్రం ఉన్నాయి. మనిషి వచ్చి మీ పక్కన నిటారుగా నిలబడితే చాలు. 90 సెంటీమీటర్లు దాటితే ఒక మాత్ర, 120కి రెండు, 141కి మూడు, 159కి నాలుగు. ఊరూరా తూకం మిషను మోసుకెళ్లే పని లేకుండా, బరువుకు బదులు ఎత్తు చూసి డోసు చెప్పే ఉద్యోగం మీకిచ్చారు.

ఆ మాత్ర మాకూ తెలిసిందే లెండి. కరోనా రోజుల్లో మా వాట్సాప్ వైద్యులు ఊరంతటికీ రాసిచ్చిన ఐవర్‌మెక్టిన్. మీ దగ్గర మాత్రం దానికి అసలు పనుంది. జోరుగా పారే ఏటి ఒడ్డున నల్ల ఈగ కుడుతుంది, ఒంట్లో పురుగు చేరుతుంది, ముందు దురద, చివరికి చూపు పోవడం. రివర్ బ్లైండ్‌నెస్. దానికి భయపడి ఏటి పక్క మంచి పొలాలు వదిలి వెళ్లిపోయిన ఊళ్లున్నాయి. 1974 నుంచి పశ్చిమ ఆఫ్రికాలో హెలికాప్టర్లు పెట్టి ఏటి నీళ్లలో ఈగల మందు చల్లారు. 1987లో మెర్క్ అనే మందుల కంపెనీ ఎంత కావాలంటే అంత, ఎన్నాళ్లు కావాలంటే అన్నాళ్లు ఈ మాత్ర ఊరికే ఇస్తామంది. మంచి మాట. మాట నిలబెట్టుకుంది కూడా.

చిక్కల్లా మాత్రకు కాళ్లు లేకపోవడం. మీకూ లేవు. గోదాము నుంచి గుడిసె దాకా మీ ఇద్దర్నీ మోసేవాడు కావాలి. దానికి పెద్దలు 1990ల్లో చక్కటి ఉపాయం కనిపెట్టారు: ఊరివాళ్లే తమలో ఒకరిని ఎన్నుకోవాలి, అతని కూలీ, మంచిచెడ్డలూ ఊరే చూసుకోవాలి. కాగితం మీద ఇది ప్రజల భాగస్వామ్యం. ఆ ఊరి పరిస్థితి అంతంతమాత్రం అన్న సంగతి కాగితానికి తెలియదు.

పోనీ ఒక్కరోజు శ్రమదానమా? ఈ మందు పిల్ల పురుగుల్ని చంపుతుంది గానీ, పెద్ద పురుగు పదేళ్లు, పదిహేనేళ్లు లోపలే కాపురం ఉంటుంది. కాబట్టి ఏటేటా అదే ఇల్లు, అదే తలుపు, అదే రిజిస్టరు. గర్భిణి అయితే ఆగమనాలి. పొలానికి పోయినవాళ్ల కోసం సాయంత్రం మళ్లీ రావాలి. ఆ రోజు తన పొలం సంగతి అడక్కండి.

ఉగాండాలో ఇంకో మెట్టు ఎక్కారు. ఎవరి వంశంలో వాళ్లే మాత్రలు పంచుకోవాలన్నారు. దాంతో ఎక్కువమందికి మందు అందింది, డబ్బులడిగే వాలంటీర్లూ తగ్గారు. తగ్గరా మరి! మేనత్తకు మాత్ర వేసి కూలి అడిగే మొహం ఎవరికుంటుంది? చుట్టరికాన్ని ఇంత పొదుపుగా వాడుకోవడం మా పెళ్లిళ్లలో వడ్డనకు బావమరదుల్ని దింపినప్పుడు తప్ప నేను చూడలేదు.

ఈ మందు కనిపెట్టినవాళ్లకు 2015లో నోబెల్ వచ్చింది. మీ వంశానికీ లోటు లేదు. గుడ్డి పెద్దాయనను ఒక పిల్లవాడు కర్ర పట్టుకుని నడిపిస్తున్న కంచు విగ్రహం జెనీవాలో ప్రపంచ ఆరోగ్య సంస్థ దగ్గర నిలబడి ఉంది. 2025 జనవరిలో ఆ సంస్థే నైజర్‌లో ఈ జబ్బు పోయిందని ప్రకటించింది, ఆఫ్రికాలో అదే మొదటి దేశం. ఇలా ఊళ్లలో తిరిగి పనిచేసే ఆరోగ్య కార్యకర్తలకు డబ్బు ఇవ్వాలని 2018లో సలహా రాసిందీ ఆ సంస్థే. సలహా రాయడానికి, పాపం, ఏ ఎత్తూ కొలవక్కర్లేదు.

మా దగ్గర బోదకాలు మాత్రలు పంచే ఆశా కార్యకర్తలకు ఇచ్చేదాన్ని గౌరవ వేతనం అంటారు. పేరులోనైనా వేతనం ఉంది కనుక మేం కాస్త నయమని మీ ముందు కాలరెగరేస్తున్నాను, క్షమించండి.

ఒక్క సందేహం తీర్చండి. మిమ్మల్ని మోసే మనిషీ ఆ ఊరివాడే, ఆ ఈగ అతన్నీ కుడుతుంది. ఆఖరి ఇల్లు అయ్యాక అతను మీ పక్కన నిలబడితే గీత చూసి చెప్పేదెవరు? నెత్తిన అరచెయ్యి పెట్టుకుని, పక్కకు తప్పుకుని, వెనక్కి తిరిగి తనే చూసుకుంటాడా?

ఇట్లు,
చిన్నప్పుడు హాఫ్ టికెట్ కోసం బస్సులో మోకాళ్లు వంచి నిలబడిన
మీ అభిమాని